కాకరకాయలో అక్క, కొలిమిలో కత్తి

హేలాపురి రాకుమారి మృదుభాషిణిని జంబుకాక్షుడనే మాంత్రికుడు కాకరకాయగా మార్చేశాడు. కారణం లేకపోలేదు. అతడు పెళ్ళి మాట ఎత్తాడు. ఆమె అతడి గడ్డాన్ని చీపురుతో పోల్చింది. అంతటితో ఊరుకోక, చీపురు కనీసం ఇల్లూడ్చడానికి పనికొస్తుందని కూడా అంది. పేరు మృదుభాషిణి అయినా, ఆమె నోట మెత్తటి మాట విన్నవాళ్ళు రాజ్యంలో ఎవరూ లేరు. ఆమెను కాకరకాయ చెయ్యడానికి మాంత్రికుడు పెద్దగా శ్రమపడి ఉండడు.

శపించినవాడే పొగరు కొద్దీ విరుగుడూ చెప్పాడు. తోబుట్టువు తన చేత్తో, ఒకే ఒక్క కోతతో, చుక్క రసం కారకుండా ఆ కాయను నిలువునా చీలిస్తే రాకుమారి బయటికి వస్తుంది. చుక్క కారితే ప్రాణం పోతుంది. ఎవరూ కొయ్యక కాయ పండి పగిలితే, ఆమె జంబుకాక్షుడి ఇల్లాలు.

"చావే నయం," అంది కాకరకాయ. అన్నీ మార్చిన మాంత్రికుడు ఆ నోటిని మాత్రం మూయించలేకపోయాడు.

ఆమెకున్న తోబుట్టువు ఒక్కడే, తమ్ముడు శరభాంకుడు. అతడు ఆయుధాగారంలోని కత్తులన్నీ సంతలో కొన్న కాకరకాయల మీద పరీక్షించాడు. కోటలు గెలిచిన ఖడ్గాలు కాయను నలిపాయి, చిదిపాయి, వంటశాల గోడలన్నీ చేదు చేశాయి. ఒక్కటీ శుభ్రంగా కొయ్యలేదు. అప్పుడు అక్కను పట్టుగుడ్డలో మూటగట్టి నడుముకు కట్టుకుని, కత్తులకు పేరుపడ్డ అరుణద్వీపానికి ఓడెక్కాడు.

ఓడ తుఫానులో బద్దలైంది. తన మాట విననందుకే అని కాకరకాయ, ఆ మాట విన్నందుకే అని ఓడవాడు చివరిదాకా కీచులాడుకున్నారు. ఓడవాడు ఒక చెక్క పట్టుకుని పడమటికీ, శరభాంకుడు ఊరగాయ పీపా పట్టుకుని తూర్పుకీ కొట్టుకుపోయారు.

తెల్లవారేసరికి పీపా ఇసుకను తాకింది.

లోకంలో అందరికంటే ముందు తెల్లవారేది అరుణద్వీపంలోనే. తలకు మంచు పాగా చుట్టుకున్న కొండలు, కొండల నడుములకు వేలాడే పొగమంచు, దేవదారు చెట్ల కాళ్ళ మధ్యనుంచి గలగలమంటూ పరుగెత్తే సెలయేళ్ళు. ఇళ్ళకు కాగితపు కిటికీలు. లోపలి దీపాలకు ఆ కిటికీలు పండు దానిమ్మల్లా మెరుస్తున్నాయి. లోయ నిండా సుత్తి దెబ్బలు. ఆ దీవివాళ్ళు ఒకప్పుడు మహా యోధులు. యుద్ధాలు మానేశాక ఆ కసినంతా కూరగాయల మీద తీర్చుకుంటున్నారు. పాముచేపకు ఒక కత్తి, ముల్లంగికి ఒకటి, పుచ్చకాయకు ఇంకొకటి. ఒక దాని పని ఇంకొక దానితో చేసినవాడికి ఆ లోయలో పిల్లనివ్వరు.

అక్కడ అందరూ చూపించింది ఒకే గుమ్మం. అది తొమె అనే ముసలి కమ్మరిది. మనిషి మూరెడు, చేతులు బారెడు. ముఖంలో లోయంత ముడతలు.

"ఏం కావాలి?" అంది.

"కత్తి కావాలి, అవ్వా."

"ఎవణ్ణి పొడుస్తావ్?"

"ఎవణ్ణీ కాదు. ఒక కాయ కొయ్యాలి."

ముసలిదాని ముఖం విచ్చుకుంది. "పొడవడానికైతే కుక్కల్ని వదిలేదాన్ని. కూర్చో. తిను."

"ముందు కత్తి సంగతి..."

"ముందు తిను."

అన్నం, సముద్రపు నాచు పులుసు, పూరేకుల్లా పరిచిన పచ్చి చేప ముక్కలు. పక్కన, వాగుల్లో పెరిగే ఏదో వేరును నూరిన పచ్చటి ముద్ద. "అది గోటి కొసంతే తిను," అని తొమె హెచ్చరించింది. తినడానికి రెండు పుల్లలు ఇచ్చింది.

శరభాంకుడు పుట్టుకతో ఎడమచేతివాటం మనిషి. రాయడమూ, విసరడమూ, కొట్టడమూ అన్నీ ఆ చేత్తోనే. అది అంతఃపురంలో పెద్ద రహస్యం. దాదుల చేత దెబ్బలు తినీ తినీ, నలుగురిలో దాచుకోవడం నేర్చాడు. ఆకలి మీద ఆ సంగతి మరిచి ఎడమచెయ్యి పుల్లల మీదికి పోనిచ్చాడు.

నడుము దగ్గర మూట బుస కొట్టింది. "ఒరేయ్! పరాయి ఇంట్లో పుర్రచేత్తో తింటావా? వంశం పరువు తియ్యకు. కుడిచెయ్యి!"

శరభాంకుడు చెయ్యి మార్చాడు. సగం అన్నం ఒడిలో పడింది. చేప ముక్క ఒకటి చెవి పక్కనుంచి ఎగిరిపోయింది. తొమె రెప్ప వెయ్యకుండా చూస్తూ కూర్చుంది.

"చాలు. నీ చెయ్యి చూశాను," అని లేచింది. అతడికి ఆ మాట అర్థం కాలేదు. అడగనూ లేదు.

ఇక కొలిమి. శరభాంకుడు అక్క శాపం సంగతంతా చెబుతూ తిత్తి ఊదాడు, బొగ్గులు చిన్న చిన్న ముక్కలుగా కొట్టాడు, ముఖం మసి చేసుకున్నాడు. కాకరకాయను నీడపట్టున, తడి నాచు మీద పడుకోబెట్టారు. తొమె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఏం కాయ ఇది? ఒళ్ళంతా ఈ మొటిమలేమిటి?"

"కాకర అంటారు, అవ్వా. మా దేశపు కాయ."

"మా దీవిలో ఇలాంటిది మొలవదు. మొలిచినా పీకేస్తాం."

"నేను వింటున్నాను, ముసలిదానా," అంది కాకరకాయ.

"వినడానికే అన్నాను," అంది తొమె.

ఇద్దరికీ ఒకరంటే ఒకరికి గౌరవం కలిగింది. అక్కకు సమాధానం చెప్పి బతికినవాళ్ళను శరభాంకుడు అదే మొదటిసారి చూడటం.

తొమె ముందు ఒక ఉక్కు పలకను తీసింది. దాన్ని మెత్తటి ఇనుముతో కలిపి ఎర్రగా కాల్చి, రెండూ ఒకటయ్యేదాకా కొట్టింది. సుత్తి పడినప్పుడల్లా నిప్పురవ్వలు మోదుగపూల జాతరలా లేచాయి. "ఉక్కు కోస్తుంది. ఇనుము దాన్ని విరగకుండా కాస్తుంది," అంది. "ఉక్కు ఒక్కటే అయితే మీ అక్కలా ఉంటుంది. గట్టిదే. ఎవడూ పక్కన నిలవడు."

సంధ్యవేళ కిటికీలన్నీ మూసేసింది. వెలుతురుంటే కాలిన ఉక్కు అసలు రంగు కంటికి తెలియదట. బంకమట్టి పూసిన పలకను నిప్పుల్లోంచి లాగి, ఒక్క క్షణం చూసి, నీళ్ళ తొట్టిలో దించింది. తొట్టి పులిలా గర్జించింది. ఇల్లంతా ఆవిరి. ఆవిరి తగ్గాక తొమె కత్తిని చెవి దగ్గర పెట్టుకుని గోటితో మీటింది. గుడి గంటలాంటి నాదం సన్నగా సాగింది.

"బతికింది," అంది.

తర్వాత రాళ్ళు. గరుకు రాయి, నున్న రాయి, పట్టులాంటి రాయి. నీళ్ళు చల్లుతూ, రాతి మీద ఊరిన బురదతోనే పదును పెట్టింది. పని ముగిసేసరికి ఆమె చేతిలో నెలవంక ఒకటి పడుకుని ఉంది. ఒక ముఖం అద్దంలా చదును. రెండో ముఖం మీద చూరులా ఒకటే వాలు. ఉక్కు, ఇనుము కలిసిన చోట మబ్బు అంచులాంటి గీత. పిడికి తెల్లటి కొయ్య.

"రెండు వైపులా వాలుంటే కత్తి కాయను రెండు వైపులా నలుపుతుంది," అంది తొమె. "మీ దేశపు కత్తులన్నీ అంతే, కోత కాదు, కొట్లాట. ఇది ఒకవైపే పదును. నలపదు. కోసిన సంగతి కాయకే తెలియదు. ముందు ముల్లంగి మీద చూడు."

ఇక్కడ తినడం లేదు కాబట్టి అక్కకు అభ్యంతరం లేకపోయింది. శరభాంకుడు హాయిగా ఎడమచేత్తో కత్తి పట్టుకుని ముల్లంగి మీద లాగాడు.

కత్తి దారి తప్పింది. తిన్నగా దిగవలసింది పక్కకు జారి, ముల్లంగిని వంకరగా గీరి బయటికొచ్చేసింది. మళ్ళీ లాగాడు. మళ్ళీ అంతే. ముక్క పైన లావు, కింద శూన్యం.

తొమె కళ్ళు పెద్దవయ్యాయి. "ఆ చెయ్యేమిటి?"

"నా చెయ్యే."

"అన్నం తిన్నది ఏ చేత్తో?"

"దీంతో," అని కుడిచెయ్యి చూపించాడు.

"ఎందుకు?"

"అక్క చెప్పింది."

పుట్టి బుద్ధెరిగాక మృదుభాషిణి మొదటిసారి ఏమీ అనలేదు.

తొమె ముల్లంగి పక్కన కూలబడింది. "కొలత అడిగితే మనిషి గొప్పలు పోతాడు. ఆకలేసిన చెయ్యి నిజం చెప్తుంది. అందుకే మా తాతలు ముందు తిండి పెట్టి, చెయ్యి చూసి, అప్పుడు కత్తి చేశారు. ఆకలేసినప్పుడు కూడా అబద్ధమాడే చెయ్యిని ఇవాళ చూశాను. ఇది కుడిచేతి కత్తిరా. వాలు కుడివైపు ఉంది. నీ చేతిలో ఇది చచ్చినా తిన్నగా దిగదు."

"కుడిచేత్తో కోస్తాను."

"కొయ్యి."

కోశాడు. ముల్లంగి తప్పించుకుని గోడకు కొట్టుకుంది.

"ఇంకో కత్తి చెయ్యి, అవ్వా."

"చేస్తాను. అప్పటిదాకా ఆగమని నీ అక్కతో చెప్పు."

శరభాంకుడు నాచు వైపు చూశాడు. కాకరకాయ కొస పసుపెక్కింది. పసుపు అతడు చూస్తుండగానే ఒక మొటిమ నుంచి ఇంకో మొటిమకు పాకుతోంది.

"అంత భయంగా చూడకురా," అంది అక్క. గొంతులో ఎప్పటి కారం లేదు. అందుకే అతడికి నిజంగా భయం వేసింది.

అదే సమయంలో వీధిలో కేక వినిపించింది. "కాకరకాయలు కొంటాం! పండినవైనా సరే, పుచ్చినవైనా సరే!"

"పుచ్చినవా!" అని కాకరకాయ మండిపడింది.

తొమె నుదురు ముడివేసింది. "ఈ కాయ పేరు నేనే నీ నోట విన్నాను. లోయలో ఎవడికి తెలుసు?"

శరభాంకుడు కాగితపు కిటికీకి వేలితో చిల్లి పెట్టి చూశాడు. గుమ్మంలో గడ్డి టోపీ పెట్టుకున్న బేరగాడు నిలబడ్డాడు. వేషమంతా ఆ దీవిదే. గడ్డం మాత్రం చీపురు.

"వాడే!"

"లోపలికి పో. నీ తిప్పలు నువ్వు పడు," అని తొమె చేతులు తుడుచుకుని గుమ్మంలోకి నడిచింది. "రా నాయనా, రా. కాయలున్నాయి. ముందు కూర్చో. తిను."

"తినడానికి రాలేదు. ముందు కాయ..."

"ముందు తిను. మా ఊరి ఆచారం తెలియదా? ఏ ఊరు మీది?"

వేషం బయటపడుతుందని జంబుకాక్షుడు నోరు మూసుకుని కూర్చున్నాడు.

లోపల శరభాంకుడు పీట మీద అక్కను పెట్టాడు. కుడిచెయ్యి చేతకానిది. ఎడమచేతికి కత్తి పడదు. కత్తి మారదు, చెయ్యి మారదు. అతడు కత్తిని నీళ్ళ తొట్టి మీద ఎత్తి పట్టుకున్నాడు. నీళ్ళలో ఇంకో శరభాంకుడు ఇంకో కత్తి పట్టుకుని కనిపించాడు. ఆ కత్తికి వాలు అటువైపు ఉంది.

"అక్కా, కత్తిని తిప్పి పడితే?"

"తిప్పడమంటే?"

"పిడి అటువైపు, మొన నావైపు. అప్పుడు వాలు ఎడమకు వస్తుంది. నావైపుకు లాగకుండా, అవతలికి లాగుతాను."

"మొన నీ బొడ్డులో ఉంటుందిరా, వెధవా!"

"జారితే నువ్వు బయటికొచ్చి వైద్యుణ్ణి పిలువు."

"జారిందంటే నేను నీకంటే ముందే పోతాను. ఎవరు పిలుస్తారు?"

"అయితే కదలకు."

"నేను కాకరకాయని. ఎలా కదులుతాను?"

ముందు గదిలో జంబుకాక్షుడు పుల్లలతో తంటాలు పడుతున్నాడు. ఒక్క మెతుకూ నోటికి అందలేదు. అతడి కన్ను పచ్చటి ముద్ద మీద పడింది. హేలాపురి వదిలాక గోంగూర మొహం చూడలేదు పాపం. "ఆహా, పచ్చడి!" అని పుల్లలు పారేసి, ముద్ద మొత్తం వేళ్ళతో తీసుకుని నోట్లో వేసుకున్నాడు.

తొమె వద్దనలేదు.

ముందు అతడి చెవులు ఎర్రబడ్డాయి. తర్వాత ముక్కులోంచి వచ్చిన గాలికి గడ్డి టోపీ ఎగిరిపోయింది. కళ్ళలోంచి రెండు కాలవలు పారాయి. మాంత్రికుడు విషాలు తాగి అరిగించుకున్నవాడు. పిశాచాల చేత ఊడిగం చేయించుకున్నవాడు. ఇప్పుడు నెత్తి పట్టుకుని చాప మీద దొర్లుతూ అమ్మను పిలిచాడు.

"ఇంకాస్త వేసుకో, నాయనా," అంది తొమె.

లోపల శరభాంకుడు మొన తన నడికట్టుకు ఆనేలా కత్తిని ఉంచాడు. ఊపిరి బిగబట్టాడు. ఎడమచెయ్యి ముందుకు సాగింది. కత్తి కాయ మీద గాలిలా నడిచింది. చప్పుడు లేదు. మొటిమలు ఒకదాని తర్వాత ఒకటి రెండుగా విడిపోయాయి. పసుపు కొసను కూడా దాటి కత్తి పీటను ముద్దాడి ఆగింది.

ఒక్క చుక్క కారలేదు.

కాయ రెండు దొప్పలై అటొకటి, ఇటొకటి ఒరిగింది. మధ్యలోంచి ఆకుపచ్చ వెలుగు లేచింది. వెలుగు తగ్గేసరికి పీట మీద రాకుమారి మృదుభాషిణి కూర్చుని ఉంది. ఆకుపచ్చ చీర, జడ నిండా కాకర గింజలు, కనుబొమలు పైకి.

"ఇంతసేపా?" అంది. తమ్ముడి తల నిమిరింది. నిమిరిన చేత్తోనే ఒకటి మొట్టింది.

ఆ ఆకుపచ్చ వెలుగును తలుపు సందుల్లోంచి జంబుకాక్షుడు చూశాడు. కన్నీళ్ళు కారుతూనే మంత్రం చదివాడు. ముక్కు దిబ్బడ మీద చదివినందువల్ల గరుడపక్షి కావలసినవాడు బట్టతల రాబందు అయ్యాడు. అయినా రాబందు పెద్దదే. తలుపు, గోడ, ఇంటికప్పు సగం కలిపి పెళ్ళగించుకుంటూ లోపలికి దూరింది. ఒక కాలితో శరభాంకుడి జుట్టు పట్టుకుంది.

"కాయ పోతే పోయింది! కోసినవాడు నా వాడు! తమ్ముడు కావాలంటే, ఓసి కాకరకాయా, నా కోటకు వచ్చి మెళ్ళో తాళి కట్టించుకో!" అని అరిచి ఆకాశంలోకి లేచింది.

తనను కాకరకాయ అన్నందుకే మృదుభాషిణికి ఎక్కువ కోపం వచ్చింది. పీట మీది కత్తి అందుకుని, ఎగిరి తమ్ముడి కాలు పట్టుకుంది. ముగ్గురూ కలిసి లోయ మీదుగా సముద్రం వైపు పోయారు. దేవదారు చెట్లు గరిక పోచలయ్యాయి. సెలయేళ్ళు దారప్పోగులయ్యాయి. కిందనుంచి తొమె కొండ అంచు వెంట పరుగెత్తుకుంటూ వస్తోంది.

"ఎముక మీద వెయ్యకు!" అని కేకేసింది. "అంచు పెట్లిపోతుంది! కీలు చూసి కొయ్యి, కీలు!"

"ముసలిదానికి మన ప్రాణాలకంటే కత్తి ముఖ్యం," అన్నాడు శరభాంకుడు వేలాడుతూ.

"నోరు మూసుకుని నిటారుగా ఉండు," అంది అక్క. కొబ్బరిచెట్టు ఎక్కినట్టు అతడి మోకాలు, నడుము, భుజం ఎక్కింది. ముక్కు మీద కాలు పెట్టింది. పక్షి కాలి మడమ తడిమి కీలు వెతికింది. ఆమెది కుడిచేతివాటం. ఒకే ఒక్క లాగు.

కత్తి కీలు సందులోంచి మంచినీళ్ళలా జారిపోయింది. రక్తం లేదు, చప్పుడు లేదు. కోసిన సంగతి రాబందుకే తెలియలేదు. కింద ఇద్దరూ ఉన్నారనుకుని, తన కోట ఎంత గొప్పదో, పెళ్ళికి ఎన్ని పిశాచాలు వస్తాయో వర్ణించుకుంటూ అది తూర్పుకేసి ఎగురుతూనే పోయింది.

అక్కా తమ్ముళ్ళు రాళ్ళలా పడుతున్నారు. శరభాంకుడి జుట్టును ఆ కాలు ఇంకా గట్టిగా పట్టుకునే ఉంది. కొండ కొమ్మున తొమె నోటికి అటూ ఇటూ చేతులు అడ్డం పెట్టుకుని అరుస్తోంది. గాలి ఆ మాటను ముక్కలు ముక్కలుగా తెచ్చింది.

"తడిస్తే... వెంటనే... తుడవండి! తుప్పు... పడుతుంది!"

కింద సముద్రం దగ్గరపడింది. దాని మీద నల్ల తెరచాపల ఓడ ఒకటి నిలిచి ఉంది. ఓడ నిండా మనుషులు. పైనుంచి ఏదో పడుతోందని చూసి, వాళ్ళు నాలుగు మూలలా వల పట్టుకుని నిలబడ్డారు.

"దేవుడున్నాడే అక్కా! కాపాడటానికే వచ్చారు!" అన్నాడు శరభాంకుడు.

మృదుభాషిణి కత్తిని చీర చెంగులో చుట్టుకుంటూ ఆ ముఖాల కేసి చూసింది. ఒక్కడి కన్నూ వాళ్ళిద్దరి మీద లేదు. అందరూ కత్తినే, సొమ్ము చూసిన దొంగల్లా చూస్తున్నారు.